ఆర్విడ్ స్కోగన్ కుక్కచూపులు

తల్లిని కళ్ళారా చూడందే ఆర్విడ్ స్కోగన్ ఈ లోకంలో దేన్నీ నమ్మడు. తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను అని అందరూ అనేదే గాని, ఆ మాటను అంత గట్టిగా పట్టుకున్న మనిషి దక్షిణ డకోటా మొత్తం వెతికినా ఇంకొకడు దొరకడు. చర్చిలో కాఫీల దగ్గర ఎవరైనా ఆపిల్ పై ముక్క చేతిలో పెడితే, ఈ పిండి కలపడం నీకెవరు నేర్పారమ్మా అని అడుగుతాడు. మా అమ్మ అంటే, ఆ అమ్మ చేతి వంట తానెప్పుడు తిన్నాడో గుర్తు చేసుకున్నాకే నోట్లో పెట్టుకుంటాడు. మేనల్లుడు పెళ్ళి చేసుకుంటానని వస్తే పిల్ల పేరైనా అడక్కుండా పిల్ల తల్లి ఊరెళ్ళి, ఆవిడతో కలిసి ఒక పూటంతా కంచె బాగుచేసి వచ్చాడు.

"మేకు వంకరపోయినా ఆవిడ నోరు జారలేదు. చేసుకోరా," అన్నాడు. ఆ కాపురం ఇప్పటికీ చల్లగా సాగుతోంది.

ఇక కుక్కల సంగతి చెప్పేదేముంది. పక్క పొలం డెల్మర్ హోఫ్‌కూ ఆర్విడ్‌కూ చిన్ననాటి స్నేహం. డెల్మర్ పెంచిన ప్రతి కుక్కనూ ఆర్విడే ఎంచి తెచ్చాడు. ఒక్కటి కూడా తప్పు పోలేదు. అందుకే ముసలి కుక్క చచ్చిపోయి, కొత్తది కావలసివచ్చినప్పుడు డెల్మర్ మరో ఆలోచన లేకుండా ఆ భారం ఆర్విడ్ మీదే పెట్టాడు. పెట్టి, నెత్తి కొట్టుకున్నాడు.

ఈసారి కావలసింది మామూలు లాబ్రడార్ కాదు. మామూలు లాబ్రడార్ గడ్డిలో నక్కిన ఫెజెంట్ అనే అడవికోడి పుంజు వాసన తగలగానే దూకి లేపేస్తుంది. వేటగాడు దాని వెంట పరుగెత్తాలి. కొన్ని వంశాల లాబ్రడార్లు మాత్రం పుంజు ముందు బొమ్మలా నిలబడిపోతాయి, వేటగాడు వచ్చేదాకా దాన్ని కదలనివ్వవు. ధాన్యం గాదె మీదనుంచి పడినప్పటినుంచీ డెల్మర్ తుంటి సరిగా లేదు. రెండడుగులు వేస్తే ఒకసారి ఆగాలి. ఆ పరుగు ఇక అతని వల్ల కాదు.

నడవలేని వాళ్ళకు ఆ వేటలో వేరే పని ఉంది. మిగిలినవాళ్ళు మొక్కజొన్న చేలో బారులు తీరి పక్షుల్ని తోలుకొస్తుంటే, వాళ్ళు చేను చివర దారి కాస్తూ నిలబడతారు. కిందటేడు డెల్మర్‌ను మర్యాదగా అక్కడ నిలబెట్టారు. ఆరెంజి టోపీ పెట్టుకుని దిష్టిబొమ్మలా నిలబడి ఇంటికొచ్చి, భార్య లవాన్‌తో ఒకే మాట అన్నాడు. ఈ శరత్తు దాటేలోగా నిలబడే కుక్క దొరక్కపోతే తుపాకీ అల్లుడికి ఇచ్చేస్తాను, ఇక పొలం వైపు చూడను అని. ఊరికే అనే మనిషి కాదని ఆవిడకు తెలుసు.

ఆర్విడ్ పెళ్ళిచూపులకు వెళ్ళినంత శ్రద్ధగా కుక్కచూపులు మొదలుపెట్టాడు. ఒకచోట తల్లికుక్క ముందు పుంజు రెక్కను దారానికి కట్టి ఆడించి, చూశారా ఎలా నిలబడిందో అన్నారు. అలా మా పిల్లి కూడా నిలబడుతుందని చెప్పి వచ్చేశాడు. ఇంకోచోట తల్లి గెలిచిన పతకాలన్నీ చూపిస్తే, పతకాలు ఇంట్లో ఉంచి తల్లిని గడ్డిలోకి తోలమన్నాడు. ఊరంతా మెచ్చుకున్న మూడో తల్లినీ కాదన్నాడు. ఎందుకని అడిగితే, దానికి ఓపిక లేదన్నాడు.

డెల్మర్‌కు ఒళ్ళు మండింది. "ఒరే, నేను అడిగింది వేటకుక్కను. సన్యాసిని కాదు."

"సన్యాసే కావాలి," అన్నాడు ఆర్విడ్ నిదానంగా.

ఆకులు రాలడం మొదలైంది. దాణా కొట్టు గోడ మీద రోక్సాన్ ప్రిబిల్ అనే ఆవిడ కుక్కపిల్లల ప్రకటన కనిపిస్తే, డెల్మర్ ఎవరికీ చెప్పకుండా ట్రక్కెక్కి వెళ్ళాడు. ఆర్విడ్ లేకుండా కుక్కను చూడ్డానికి వెళ్ళడం జీవితంలో అదే మొదలు, దొంగతనానికి వెళ్తున్నట్టే ఉంది. ట్రక్కు దిగి, తుంటి మీద చెయ్యి వేసుకుని, రెండడుగులు వేసి ఆగాడు. రోక్సాన్ వాకిట్లోంచి అతన్ని ఎగాదిగా చూసింది.

"మీరూ స్కోగన్ గారూ అన్నదమ్ములా? నడక అచ్చు గుద్దినట్టుంది," అంది.

డెల్మర్‌కు ఏమీ అర్థం కాలేదు. ఈ వయసులోనూ ఆర్విడ్ గాలిమర స్తంభం ఎక్కి నూనె పోసి వస్తాడు. రోక్సాన్ మాత్రం పాపం, ఆ కాలితో ఆయన ఎన్నిసార్లు వచ్చాడో అని వాపోయింది. మొదటిసారి ఆమె కుక్క టిల్లీ పుంజు ముందు నిలబడితే, ఆయన తుంటి పట్టుకుని, ఆగి ఆగి, ఆయాసపడుతూ బయల్దేరాడట. సగం దూరం రాకముందే టిల్లీ దూకేసింది.

"అంత మెల్లిగా వస్తే పుంజు అక్కడే ముసలిదైపోతుందండీ, కుక్కదేం తప్పు అన్నాను. ఆయనకు కోపం రాలేదు. దానికి ఆగడం నేర్పమ్మా, మళ్ళీ వస్తానన్నారు. మొన్న వచ్చినప్పుడు దారిలో ఆగి, కూర్చుని, బూటు విప్పి దులుపుకుని మళ్ళీ తొడుక్కున్నారు. టిల్లీ చెవి కూడా కదపలేదు. ఆయన టోపీ తీసి దానికి దండం పెట్టినంత పని చేసి, ఒక పిల్ల కావాలని చెప్పి వెళ్ళారు."

డెల్మర్ ట్రక్కుకు ఆనుకుని నిలబడిపోయాడు. ఆర్విడ్ కాదన్న తల్లులన్నీ మంచివే. తన కాలి కోసం ఆగలేనివి, అంతే. ఆ మాట ఆర్విడ్ నోటితో ఎలా చెబుతాడు? ఇల్లు కాలుతున్నా కాస్త వెచ్చగా ఉందనే మనుషులు వాళ్ళు. స్నేహితుడితో నీకు నడక పోయిందని అనడంకంటే ఊరూరా తిరిగి కుంటడమే ఆర్విడ్‌కు సులువనిపించింది. ఇలాంటివాణ్ణా నోటికొచ్చినట్టు అన్నానని డెల్మర్‌కు సిగ్గేసింది. ఇలాంటి స్నేహితుడున్నందుకు గర్వంగానూ ఉంది.

మర్నాడు ఆర్విడ్ వంటింట్లో కాఫీ తాగుతూ, "నీ కాలు బాగాలేదని విన్నాను," అన్నాడు డెల్మర్.

ఆర్విడ్ కప్పులోకి చూశాడు. "ఇప్పుడు ఫరవాలేదు."

దాని గురించి వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది అంతే. తుపాకీని అల్లుడికి ఇవ్వనక్కర్లేదని డెల్మర్ లవాన్‌తో చెప్పాడు. టిల్లీ పిల్ల ఇంటికొచ్చి, ఏడాదంతా ఇద్దరి చేతుల్లో శిక్షణ పొందింది.

మళ్ళీ వేట మొదలైన రోజున చేను చివరికి వెళ్ళమంటే డెల్మర్ వెళ్ళలేదు. తుంగ మొదట్లో టిల్లీ పిల్ల తోక నిటారుగా చాచి నిలబడింది. డెల్మర్ రెండడుగులు వేసి ఆగాడు, మళ్ళీ వేశాడు. ముందుకు పోగల ఆర్విడ్ వెనకే ఉండిపోయాడు. పిల్ల ఒళ్ళంతా వణుకుతున్నా కాలు కదపలేదు. డెల్మర్ చేరాడు. పుంజు రివ్వున లేచింది. అతను రెండు గుండ్లూ పేల్చాడు. పుంజు ఈక కూడా రాలకుండా తాపీగా పక్క చేలోకి ఎగిరిపోయింది.

కుక్క తల తిప్పి డెల్మర్‌ను చూసింది. ఆర్విడ్ కూడా చూశాడు.

"కుక్క సంగతి నేను చూశాను," అన్నాడు. "తుపాకీ సంగతి కూడా నేనే చూడాలా?"

నవ్వి నవ్వి కాళ్ళమీద నిలవలేక డెల్మర్ అతని భుజం పట్టుకున్నాడు. ఇంటిదాకా ఆ చెయ్యి తియ్యలేదు. ఆర్విడ్ తియ్యమననూ లేదు.