పాండురంగ చెప్పని కథ

పాండురంగ నోట్లో మాట నిలవదు. మా పేట ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఎవరింట్లో కూర మాడినా, ఆ వాసన కంటే ముందు ఆయన పక్కవీధికి చేరేవాడు. విఠల్‌కి పీఆర్, అదే ఈ దేశంలో శాశ్వత నివాసం, వచ్చిన సంగతి విఠల్ భార్యకి చెప్పింది కూడా ఆయనే.

"అంకుల్, అది నేను చెప్పాల్సింది కదా!"

"వెళ్ళి మళ్ళీ చెప్పు. కొత్తగా విన్నట్టు మొహం పెట్టమని అమ్మాయికి చెప్పే వచ్చా."

నిరుడు మా తెలుగు సంఘం వాళ్ళం నది ఒడ్డున నడకకి వెళ్ళాం. ఆ నేల తొలివాసుల్లో పెద్దావిడ ఆంటీ జూన్, ఆ నది ఎలా పుట్టిందో తమవాళ్ళు చెప్పుకునే కథ చెప్పింది. మావాళ్ళలో సగంమంది సెల్ఫీల్లో మునిగారు, తక్కినవాళ్ళు లంచ్ ఎప్పుడన్నారు. నోరు మూసుకుని విన్నది పాండురంగ ఒక్కడే.

చివర్లో ఆవిడంది: "ఇది మా కుటుంబం కథ. ఇక్కడ వినండి, ఇక్కడే వదిలి వెళ్ళండి."

"మా ఆవిడకి కూడా చెప్పకూడదా?" అన్నాడు పాండురంగ దిగులుగా.

ఆవిడ నవ్వింది. "తనని తీసుకుని మళ్ళీ రా."

కొన్నాళ్ళకి సంఘం వార్షికోత్సవం వచ్చింది. అధ్యక్షుడు ద్వారకానాథ్ అన్నాడు: "పాండురంగా, ఊరి కౌన్సిల్ వాళ్ళొస్తున్నారు. ఆ రివర్ స్టోరీ స్టేజి మీద చెప్పెయ్."

"నేను చెప్పకూడదు సార్. ఆవిడ్నే పిలుద్దాం. ఇష్టమైతే చెప్తుంది."

"ఆవిడ మొదలెడితే అరగంట! మన స్లాట్ ఫైవ్ మినిట్స్. అయినా ఉత్త కథే కదా?"

"మనింటికొచ్చినవాళ్ళు దేవుడి గదిలో విగ్రహం ఎత్తుకెళ్తే ఊరుకుంటామా సార్?"

అందరూ పగలబడి నవ్వారు. పాండురంగ రహస్యం దాస్తాట్ట! సంఘం సభల్లో ఏళ్ళుగా ఆయన పట్టుకున్న మైకు ఇంకొకరి చేతిలో పెట్టారు. మన పురాణాల్లో అక్షరం అటూఇటూ అయితే పిటిషన్లు పెట్టే మహానుభావులే, ఆ తొలివాసుల్లా మొహాలకి తెల్లచుక్కలు పెట్టుకుని, ఇంటర్నెట్‌లో దొరికిన నది కథ ముక్కేదో ఆడారు. కౌన్సిల్ వాళ్ళు తలలు దించుకున్నారు. మావాళ్ళు చప్పట్లు కొట్టారు.

నాకు ఒళ్ళు మండి బయటికొచ్చాను. పాండురంగ కార్ పార్క్‌లో ఒంటరిగా కూర్చున్నాడు.

"అసలు మీరు ఒక మాట దాచడమేంటి అంకుల్?"

"వైశాలి నిన్నొదిలి వెళ్ళినప్పుడు నువ్వు మా గరాజ్‌లో పడుకున్నావని ఎవరికైనా తెలుసా?"

తెలీదు. మా ఆవిడ తిరిగొచ్చి ఏళ్ళయినా మా వీధిలో ఎవరికీ తెలీదు. మా సంఘంలోని కార్తికేయ ఉద్యోగం పోయిందని మాత్రం ఆయన ఊరంతా చాటాడు, అది విన్నవాళ్ళలో ఒకరు పనిప్పించారు. ఏది చాటాలో, ఏది మింగాలో ఆయనకి ఎప్పుడూ తెలుసు. తెలియంది నాకే.

నా కళ్ళు చెమర్చాయి. పాండురంగ కంగారుపడి లేచాడు.

"ఒరేయ్, నువ్వు ఏడిస్తే మాత్రం అందరికీ చెప్పేస్తా."