రెండో నంబరు మనిషి

నా చిన్నప్పుడు మేం ఐర్లండ్‌లో, ఎన్నిస్ ఊళ్లో ఉండి, తర్వాత పక్క కౌంటీలో, అంటే పక్క జిల్లాలో ఉన్న లిమెరిక్‌కు ఇల్లు మారాం. ఆ మారడం మీదే అంత నెత్తురు కారింది.

ఎన్నిస్‌లో మన తెలుగువాళ్ల సంఘానికి ఏటా ఐదుగురిని ఎన్నుకునేవారు. ఆ దేశపు పద్ధతే: బాగా నచ్చిన మనిషికి ఒకటి, తర్వాతి మనిషికి రెండు, అలా కాగితం మీద అంకెలు వెయ్యాలి. ఒకటో మనిషి నిలవకపోతే ఓటు రెండో మనిషికి పోతుంది. మేం ఇల్లు మారిన ఏడు, అద్దె హాల్లో జరిగిన ఎన్నికలో మా నాన్న గెలిచాడు. చప్పట్లు ఆగకముందే ఆయన స్నేహితుడైన ఒక అంకుల్ లేచి, సభ్యుడు ఈ కౌంటీలోనే కాపురం ఉండాలి కాబట్టి నాన్నకు అర్హత లేదన్నాడు. అది తేల్చేది కొత్త కమిటీ అన్నాడు నాన్న. ఆ ఐదుగురిలో ముగ్గురు నాన్న పక్షమే.

"నీ కేసుకి నువ్వే జడ్జివా?" అన్నాడు అంకుల్.

నాన్న ఇనప మడతకుర్చీ ఎత్తి ఆయన మొహం మీద కొట్టాడు. ముక్కు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అంకుల్ బావమరిది నాన్న జుట్టు పట్టుకుని, ప్రెస్ అని అక్కడ పిలిచే ప్లేట్ల అలమారా తలుపుకేసి తల బాదాడు. ఓట్ల కాగితాలు నెత్తుట్లో తడిసి నేలకు అంటుకుపోయాయి. నేను ఏడుస్తూ నాన్న నడుం పట్టుకుని వెనక్కి లాగాను. ఆయన విసిరిన మోచెయ్యి నా నోటికి తగిలి ముందుపన్ను ఊడి నాలుక మీద పడింది. గార్డులకు, అంటే అక్కడి పోలీసులకు, ఫోన్ చేస్తానని ఎవరో అరుస్తున్నారు. వాళ్లొస్తే నాన్నను తీసుకుపోతారని ఆయన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

కాజిల్‌బార్‌లో డాక్టరుగా ఉన్న మా మేనత్త ఆ రోజు అక్కడే ఉంది. ముందు అంకుల్ ముక్కు, తర్వాతే తన తమ్ముడైన నాన్న తల తువ్వాలుతో అదిమింది. అప్పుడు అందరి మీదా గయ్యిమంది.

"ఇక్కడ పార్లమెంటు మెంబరుకి అర్హత లేదని గొడవొస్తే గెలిచినోళ్లు తేల్చరు, హైకోర్టు తేలుస్తుంది. మిగిలిన ఖాళీ కాగితాలు తీసుకోండి. ఒకటో నంబరు ఎవరికేస్తారో నాకు తెలుసు, అది వదిలేయండి. ఈ గొడవ తేల్చడానికి మీవాడు కాకపోతే ఇంకెవరి మాట వింటారు? ఆ రెండో పేరే రాయండి."

దాదాపు అన్ని కాగితాల మీదా ఒకే మనిషి: హాలు తాళాలు చూసుకునే ఐరిష్ తాత. అప్పటికే ఆయన మా నెత్తురు తుడుస్తున్నాడు. సంగతి విని, తుడుపుకర్ర గోడకు ఆనించి, నాన్నను ఒక్కటే అడిగాడు, చెత్తడబ్బా ఏ ఇంటి ముందు పెడతావని. నాన్న తల మీది తువ్వాలు సర్దుకోసాగాడు. నేనే నోట్లో నెత్తురుతో "లిమెరిక్‌లో" అన్నాను. అయితే కుదరదన్నాడు తాత. నాన్న పక్షంవాళ్లు కూడా సరేనన్నారు. ఫోన్లు జేబుల్లోకి పోయాయి.

అత్త కారులో ఆసుపత్రికి బయల్దేరాం. నాన్న నా మొహం చూసి ఉలిక్కిపడ్డాడు.

"నిన్నెవడు కొట్టాడమ్మా? వాడి చెయ్యి విరిచేస్తా!"

"నువ్వే నాన్నా."

"నేనా? కాదు," అన్నాడు వెంటనే. నొప్పి కంటే ఆ మాటకే నాకు ఎక్కువ ఏడుపొచ్చింది. నా పన్ను ఊడిన చోటు చూసి, "అక్కా, నువ్వు చెప్పు. నేనేనా?" అని అడిగాడు.

"నువ్వేరా," అంది అత్త. నాన్న వెక్కి వెక్కి ఏడ్చాడు.

నాన్న కోపం నాకూ వచ్చింది లెండి. న్యాయమంతా నా పక్షానే ఉందని ఒళ్లు మండినప్పుడు, నాలుక దానంతటదే ఆ చోట పెట్టించుకున్న కట్టుడుపన్ను మీదికి పోతుంది. అప్పుడు నోరు మూసుకుని, అవతలివాళ్లు కూడా మాట వినే మనిషి ఎవరున్నారా అని వెతుక్కుంటాను.