హ్యాకర్‌కు చుట్టరికం కలిపిన ముచ్చట

మొన్న శుక్రవారం పట్టుచీర కట్టుకొని, బొట్టు పెట్టుకొని మా కోడలు పనిచేసే బడికి పోయిన. పోయేటప్పుడు కథ చెప్పే పెద్దమనిషిని. వచ్చేటప్పుడు ఏమై వచ్చిన్నో చెప్త, వినుండ్రి.

మా కోడలు స్వప్న ఆర్మూర్‌లనే ఒక ప్రైవేట్ బడిల తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ చెప్తది. ఇప్పటి పాఠంల కంప్యూటర్ హ్యాకింగ్ మీద నిజంగ జరిగిన కథ ఒకటి తీసుకొని, అండ్ల పాత్రలెవరు, గొడవ ఎక్కడ మొదలైంది, మలుపు ఎక్కడ, ముగింపు ఏంది అని పిల్లలు విడదీసి చెప్పాలె. పుస్తకంల కథేమో ఎక్కడిదో పరాయి దేశంది. పిల్లలకు తలకెక్కుత లేదంట.

"అత్తమ్మా, మనింట్ల అయిందే చెప్పుండ్రి. అంతకన్న నిజమైన కథ ఎక్కడ దొరుకుతది?" అన్నది.

మనింట్ల అయింది ఏందంటే ఇది.

మా చుట్టాలందరికి కలిపి ఫోన్ల ఒక గ్రూపు ఉంది. దానికి అడ్మిన్ నేనే. ఎవరి పెండ్లి ఎప్పుడైంది, ఎవరి తిథి ఎప్పుడొస్తది, ఎవరికి ఎవరేమైతరు, అన్నీ నన్నే అడుగుతరు. మా అత్తమ్మ పోయే ముందు పాడి పంపిన బతుకమ్మ పాట కూడ ఆ గ్రూపులనే ఉంది. ఇంకో దగ్గర దాచుకోవాలన్న తెలివి నాకు లేకపాయె.

గిది అయిన రోజు పొద్దుగాల పూజ అయి, వాకిట్ల ఎండవోసిన పసుపు కొమ్ములు తిరగేస్తున్న. ఫోనొచ్చింది.

"పెద్దమ్మా, బాగున్నవా? గుర్తు పట్టినవా?"

గ ఒక్క మాటనే నా కొంప ముంచింది. చుట్టాలల్ల ఎవరినన్న నేను గుర్తు పట్టలేదంటే నా పరువేం గావాలె?

"ఎందుకు పట్టలే బిడ్డా. దొంకేశ్వర్ చిన్నత్త మనుమడివి, రాజేందర్‌వి కాదా?"

"ఆ పెద్దమ్మా, రాజేందర్‌నే."

"మస్కట్‌లనే ఉన్నవా?"

"ఆ, మస్కట్‌లనే."

"గొంతేంది గట్లయింది? ఏసీలల్ల ఉండి జలుబు చేసిందా?"

"ఆ, జలుబే."

"మోకాలు నొప్పి తగ్గిందా?"

"తగ్గింది పెద్దమ్మా."

చూసిండ్రా నా యాది ఎంత గట్టిదో అని నాకు నేనే మురిసిన. అప్పుడన్నడు, పాత ఫోన్ పోయింది, మన గ్రూపుల మళ్ల చేరాలె, నీ ఫోన్‌కు ఒక కోడ్ నంబర్ వస్తది, జర చెప్పు అని. అడ్మిన్‌ను కదా, నాకే రావాలె అనుకున్న. పసుపు చేతులు కొంగుకు తుడుచుకొని, ఒక్కొక్క అంకె నింపాదిగ చదివి చెప్పిన. రెండుసార్లు చెప్పిన, జలుబుకు చెవులు గూడ మూసుకపోయినయేమో అని. "అన్నం తిన్నవా బిడ్డా?" అని అడిగిన. ఫోన్ పెట్టేసిండు.

జర సేపటికి చూస్తే నా ఫోన్ల గ్రూపు లేదు, ఎవరి మెసేజులు లేవు. ఏది ముట్టినా నంబర్ కొట్టు అంటది. అత్తమ్మ పాట యాదికొచ్చింది. సిద్ధులగుట్ట దిక్కు తిరిగి దండం పెట్టిన. పాట దొరికితే చెప్పుల్లేకుండ గుట్ట ఎక్కుతనని మొక్కుకున్న.

అక్కడ గ్రూపులనేమో వాడు నా పేరు మీద అందరిని అర్జంటుగ పైసలు పంపుమని అడుగుతున్నడంట. వేల్పూర్‌ల మా ఆడబిడ్డ సుశీల ఎప్పటి లెక్కనే, "వదినా, నాయిన తిథి ఈసారి ఎప్పుడొస్తది?" అని పెట్టింది.

"ముందు పైసలు పంపు" అని వాడు.

"పంపుత. ముందు తిథి చెప్పు."

"రేపు."

"మా నాయిన పోయింది శ్రావణంల. రేపెట్లయితది? ఎవలయ్య నువ్వు?"

ఇగ చూడుండ్రి. ఒకరు గోత్రం అడుగుతరు, ఒకరు మేనత్త పేరు అడుగుతరు. అసలు రాజేందర్ మస్కట్ నుంచి, "పెద్దమ్మా, నా పెండ్లిల నాకు వాచీ పెట్టింది ఎవరు?" అని అడిగిండంట. మా వాళ్ల పరీక్షకు తట్టుకోలేక వాడంతట వాడే గ్రూపుల నుంచి ఎల్లిపోయిండు.

మధ్యాహ్నం స్వప్న వచ్చి, మళ్ల నా నంబర్ కొట్టి, కొత్త కోడ్ తెప్పించింది. నేను చదవబోతే నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు కూడ చెప్పద్దు అత్తమ్మా. మీరే కొట్టుండ్రి." కొట్టిన. అన్నీ తిరిగొచ్చినయి. ముందుగాల అత్తమ్మ పాట పెట్టుకొని, అది అయిపోయేదాంక కండ్లు మూసుకొని కూసున్న. తెల్లారి గుట్ట కూడ ఎక్కిన.

గిదంత బడిల చెప్పిన. పిల్లలు కదలకుండ విన్నరు. అయినంక స్వప్న బోర్డు మీద 'పాత్రలు' అని రాసి, "చెప్పుండ్రి, దొంగ పాత్రను ఎట్ల తయారు చేసిండ్రు?" అని అడిగింది.

రెండు జడల పిల్ల ఒకటి లేచింది. "టీచర్, దొంగ తన గురించి ఏం చెప్పలేదు. 'ఆ' అన్నడు, అంతే. పేరు, ఊరు, నాయినమ్మ, మస్కట్, మోకాలు నొప్పి, జలుబు, అన్నీ అమ్మమ్మనే పెట్టింది. ఆయన పాత్రను రాసింది అమ్మమ్మనే."

"మరి గొడవ ఎక్కడ మొదలైంది?"

"అమ్మమ్మ గుర్తు పట్టిన దగ్గర."

క్లాసంత ఒకటే నవ్వు. స్వప్న బోర్డు దిక్కు తిరిగి నవ్వుతున్నది, భుజాలు ఊగుతుంటే నాకు కనవడ్తనే ఉంది. నాకు సిగ్గయింది, మురిపెం కూడ అయింది. ఎంత తెలివిగల్ల పిల్ల. దగ్గరికి పిలిచి తల నిమిరిన.

"ఎవరి బిడ్డవు తల్లీ? ఆగు, చెప్పకు. కమ్మర్‌పల్లి నర్సవ్వ మనుమరాలివి కాదా?"

ఆ పిల్ల చేతులు కట్టుకొని నెమ్మదిగ అన్నది. "ఆ అమ్మమ్మా, నర్సవ్వ మనుమరాలినే. కోడ్ చెప్పు."

బెల్లు కొట్టినంక కూడ ఆ నవ్వులు ఆగలే. ఆటోల ఇంటికొచ్చేటప్పుడు స్వప్న చెప్పింది, ఆ పిల్లది అసలు కమ్మర్‌పల్లే కాదంట, నర్సవ్వ ఎవరో వాళ్లకు తెల్వదంట. సరే, తప్పు నాదే అన్న.

కాని ఆ ముక్కు మాత్రం నర్సవ్వ ముక్కే.