ఆమెనే అడగండి

మా ఝాన్సీ మేడమ్ ధర్మవరం మగ్గాల వీధిలో పుట్టిన మనిషి. పెనుకొండ కోర్టులో, వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్ళ తరఫున, మానసిక జబ్బులున్నవాళ్ళ తరఫున ఉచితంగా వాదిస్తుంది. నేను ఆమె గుమాస్తాను, వెంకటేశులును. పదమూడేళ్ళుగా ఆమె ఫైళ్ళు మోస్తున్నాను, తిట్లు తింటున్నాను. "పిచ్చోళ్ళ ప్లీడరమ్మ" అని బార్ రూములో నవ్వేవాళ్ళకు ఆమె జవాబు ఒకటే. "తెలివైనోళ్ళకు మీరుండారు కదప్పా."

మొన్న కుళ్ళాయమ్మ కేసు వచ్చింది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. మొగుడు పోయాక తనలో తాను మాట్లాడుకుంటోందని మరిది మల్లప్ప ఆమెను హిందూపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాడు. నెల తిరిగింది. ఇంకో మూడు నెలలు ఉంచాలంటే మానసిక ఆరోగ్య బోర్డు ఒప్పుకోవాలి. ఒప్పుకుందా, ఆమె లోపలే.

విచారణకు ముందు ఆసుపత్రి వరండాలో నేను కుళ్ళాయమ్మ చెవిలో ఊదాను. "మీ ఆయన గొంతు వినబడతాదా అని అడుగుతారు. లేదని చెప్పు తల్లీ."

మేడమ్ విననే విన్నది. "ఏమప్పా, నీకు బుద్ధుండాదా? జబ్బు దాచిపెట్టి గెలిస్తే రేపు మళ్ళా ఇదే కథ. జబ్బున్నోళ్ళు ఇంట్లో ఉండకూడదా?"

మంచికి పోతే చెడు ఎదురైనట్టయింది. నాకు ఒళ్ళు మండింది.

లోపల బోర్డు వాళ్ళు డాక్టరును అడిగారు, మల్లప్పను అడిగారు. కుళ్ళాయమ్మ గోడకు ఆనుకుని నిలబడే ఉంది. ఛైర్మన్ ఉత్తర్వు రాయడానికి పెన్ను తీశాడు.

"సార్, ఆమె ఈడనే ఉండాది. ఆమెనే అడగండి," అంది మేడమ్.

"టైమ్ లేదమ్మా, కూర్చోండి."

"ఆమె కూర్చుంటే నేనూ కూర్చుంటా సార్."

కదిలితే ఒట్టు. చివరికి అటెండరు కుర్చీ తెచ్చి వేశాడు.

"మీ ఆయన గొంతు వినిపిస్తుందా?" అని అడిగాడు ఛైర్మన్.

"వినబడతాది సార్," అంది కుళ్ళాయమ్మ.

కొంప మునిగిందనుకున్నాను. మల్లప్ప మొహం వెలిగిపోయింది.

"ఆయప్ప పిలిస్తే పలుకుతా. దానికి ఎవురినన్నా కొట్టినానా? నేసే చీర చెడగొట్టినానా? ఈడ మింగే మాత్రలు ఇంటికాడ మింగుతా. ఈడ స్నానాల గది తలుపుక్కూడా గడియ లేదు. నేను మనిషిని కాదా సార్?"

ఛైర్మన్ డాక్టరు వైపు తిరిగాడు. మందులు వేసుకుంటూ నెలకోసారి వచ్చి చూపించుకుంటే ఇంటి దగ్గర ఉండొచ్చని డాక్టరు ఒప్పుకున్నాడు.

"మరి ఈమెకు పూచీ ఎవరు?"

మల్లప్ప తల దించుకున్నాడు. వాడిని అక్కడే నాలుగు దులిపేయాలనిపించింది నాకు. మేడమ్ లేవబోయింది.

"నాకు నేనే," అంది కుళ్ళాయమ్మ.

ఛైర్మన్ ఆమెను ఇంటికి పంపించమని రాశాడు. మందులు వాడతానని ఒక కాగితం ఇవ్వమన్నాడు.

"సంతకం యాడ పెట్టాల?" అని ఆమె నన్ను అడిగింది. చూపించాను. అంత లావు ఫైల్లో డాక్టరు సంతకాలున్నాయి, మరిది సంతకాలున్నాయి. ఆమెది అదే మొదటిది.