ఆకుపచ్చ మట్టిముద్ద

అథ్లోన్ పేట చరిత్రను ఎవరైనా శ్రద్ధగా రాయబూనితే, ఒక అధ్యాయం బూటా ఇస్గాక్ మట్టిముద్దకు కేటాయించక తప్పదు. నిమ్మకాయంత ముద్ద, ఆకుపచ్చది. కూతురు ఒకటో తరగతిలో బొమ్మలు చేసుకుని విసిగి వదిలేసింది. దాన్ని బడిసంచిలోంచి ఎత్తుకొచ్చిన నాటి నుంచి, ఆయన గ్యారేజీలో ఏ ఇంజను విప్పి బిగించినా ఒకటే తంతు. పిస్టన్ నెత్తిన చిటికెడు మట్టి అద్దడం, పైన వాల్వులుండే హెడ్ బిగించి ఇంజన్ను చేత్తో రెండు చుట్లు తిప్పడం, మళ్లీ విప్పి, వాల్వు నొక్కిన చోట మట్టిని బ్లేడుతో కోసి మందం కొలవడం. రెండు మిల్లీమీటర్లుంటే వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య శాంతి. తగ్గితే యుద్ధం. కొలత అయ్యాక మట్టిని గుండ్రంగా చుట్టి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, పొగాకు డబ్బాలో పెట్టి మూత వేసేవాడు. ఆ నొక్కు రాజముద్రతో సమానం. ముప్పై ఒక్క ఏళ్లలో అథ్లోన్‌లో కరెంటు ఎన్నిసార్లు పోయిందో లెక్క లేదు గాని, ఆ నొక్కు మాత్రం ఒక్కసారీ తప్పలేదు.

బూటా అంటే అన్న. ఊరందరికీ అన్నే. బస్సుల డిపోలో ఇరవై రెండేళ్లు నిదానంగా పోయే ఇంజన్లకు సేవచేసి, ఆ ఉద్యోగం మానేశాక ఇంటి గ్యారేజీలో వేగంగా పోయేవాటికి సేవ మొదలుపెట్టాడు. తన సొంత కారును మాత్రం అరవై దాటనివ్వడు. గ్యారేజీ తలుపు లోపలి వైపు సుద్దముక్కతో రాసి ఉంటుంది: "ఇక్కడ బిగించిన ఇంజన్లో వాల్వు పిస్టన్‌ను తాకదు." అక్షరాలు చెరిగినప్పుడల్లా మళ్లీ దిద్దుతాడు. ఆయన ఆస్తంతా ఆ ఒక్క వాక్యమే.

ఈసారి లబరాంగ్, అదే రంజాన్ పండగ ముందు భార్య గడీజా ఇల్లు దులిపింది. దులుపుతూ దులుపుతూ గ్యారేజీ సరిహద్దు దాటింది. పండగ వెళ్లాక, ఒక ఆదివారం పొద్దున బూటా డబ్బా తెరిచి చూస్తే ఖాళీ.

"నా మట్టేది?"

"ఏ మట్టి?"

"డబ్బాలోది. ఆకుపచ్చది!"

"అదా! బూజుపట్టిన చీజు ముక్క అనుకుని పారేశాను."

"చీజా! ముప్పై ఒక్క ఏళ్ల చీజా?"

"అందుకేగా పారేసింది."

బూటా కొత్త మట్టి కొందామనుకున్నాడు. ఆదివారం కాబట్టి బడిసామాన్ల దుకాణం తెరవదు. బల్ల మీద షిరీన్ నడిపే బక్కీ ఇంజను నోరు తెరుచుకుని ఉంది. షిరీన్ ఆస్పత్రిలో నర్సు. వారమంతా జనానికి సూదులేసి, శనివారాలు ఆ చిన్న ట్రక్కును పందెంలో పరిగెత్తిస్తుంది. మరో రెండు వారాల్లో పెద్ద పందెం. దాని కోసం వాల్వుల్ని ఇంకా ఎక్కువ తెరిచే కొత్త క్యామ్ వేయించింది. హెడ్‌ను రెండు వీధుల అవతల సామోడిన్ తన లేత్ షాపులో మిల్లీమీటరున్నర చెక్కాడు. అంటే వాల్వు కిందికి దిగింది, పిస్టన్ దానికి దగ్గరైంది. మధ్యలో ఎంత మిగిలిందన్నదే ప్రశ్న.

వంటింట్లో కూసిస్టర్లనే పాకం బూరెల కోసం గడీజా కలిపిన పిండి బేసిన్లో దుప్పటి కప్పుకుని పడుకుంది. సోంపు, దాల్చినచెక్క, ఎండిన నారింజ తొక్క వాసన. ఆదివారం పొద్దున వీధి వీధంతా ఆ కూసిస్టర్ల కోసం గిన్నెలు పట్టుకుని వస్తుంది. బూటా గడీజా చూడకుండా చిటికెడు పిండి గిల్లాడు. మట్టి అయితేనేం, పిండి అయితేనేం, మెత్తనిదేగా అనుకున్నాడు. మూడో పిస్టన్ మీద అద్ది, నూనె రాసి, హెడ్ బిగించి రెండు చుట్లు తిప్పాడు. ఇంతలో నమాజు వేళైంది. వెళ్లొచ్చి, భోంచేసి, అప్పుడు విప్పి కోశాడు. రెండున్నర మిల్లీమీటర్లు! నిశ్చింతగా అన్నీ బిగించేశాడు.

సోమవారం ఇంజను స్టార్ట్ చేసి కాసేపు గట్టిగా రేస్ చేశారు. షిరీన్ మెడలోని స్టెతస్కోపు తీసి వాల్వుల మూత మీద పెట్టింది.

"బూటా, మీ పేషెంటు గుండెలో టకటక వినిపిస్తోంది."

"ఆ గొట్టం మనుషులకి పెట్టుకోమ్మా! టాపెట్ కొంచెం వదులైంది, అంతే."

మూడో సిలిండరు పొగవాల్వు దగ్గర గ్యాపు పన్నెండు థౌలకు, అంటే అంగుళంలో పన్నెండు వెయ్యో వంతులకు, బిగించాడు. మళ్లీ రేస్ చేసి చూస్తే ఇరవై. మళ్లీ పన్నెండు. మళ్లీ ఇరవై.

"నట్టు దొంగది," అన్నాడు. నట్టు మార్చాడు. ఇరవై.

"నీ కాలు బరువు తల్లీ, యాక్సిలరేటర్ మీద ఏనుగెక్కినట్టు ఎక్కుతావు!"

"ఇందాకట్నించీ తొక్కుతున్నది మీరే, బూటా."

బుధవారం హెడ్ విప్పితే తేలింది. మూడో పిస్టన్ నెత్తిన సన్నటి నెలవంక గాటు. వాల్వు వెంట్రుకవాసి వంగింది. వంగిన వాల్వు సరిగ్గా మూసుకోదు, అందుకే గ్యాపు పెరుగుతోంది. బూటా తలుపు మీది సుద్దరాత వైపు చూశాడు. చూసి, నెలవంకను మరచిపోయి, హెడ్ భుజాన పెట్టుకుని సామోడిన్ షాపు వైపు నడిచాడు. దారిలో ఎదురైన ముగ్గురికీ సంగతి చెప్పాడు. ఇంటికి తిరిగొచ్చేసరికి ఆ ముగ్గురూ ఎదురొచ్చి అదే సంగతి ఆయనకే తిరిగి చెప్పారు. షాపులో జరిగింది ఇదీ:

"మిల్లీమీటరున్నర చెక్కమంటే మూడు చెక్కావు కదయ్యా! ముప్పై ఒక్క ఏళ్ల పేరు! నీ లేత్‌కి కళ్లున్నాయా అసలు?"

సామోడిన్ మైక్రోమీటరు తెచ్చి హెడ్ కొలిచాడు. సరిగ్గా మిల్లీమీటరున్నర.

"నీ మైక్రోమీటరు కూడా నీ పక్షమే!" అన్నాడు బూటా. "నేను కొలిచాను. రెండున్నర వచ్చింది. నా చేత్తో నేను కొలిచాను!"

"దేంతో కొలిచావు? నీ మట్టి గడీజా పారేసిందట కదా?"

బూటాకు కోపం ఇంకో మెట్టెక్కింది. "ఆదివారం రా. షిరీన్‌నీ పిలుస్తా. అందరి ముందూ మళ్లీ కొలుస్తా. అప్పుడు ఎవరు సిగ్గుపడాలో చూద్దాం."

ఆదివారం పొద్దున ముగ్గురూ గ్యారేజీలో చేరారు. బూటా ఈసారి బహిరంగంగానే వంటింట్లోంచి చిటికెడు పిండి తెచ్చాడు. అద్దాడు, బిగించాడు, తిప్పాడు. సామోడిన్ ఆగనివ్వలేదు. "ఇప్పుడే విప్పు. నమాజూ లేదు, భోజనమూ లేదు." విప్పి, కోసి, కొలిచారు. ఒకటి పాయింట్ ఒకటి.

"వాల్వు ముద్దుపెట్టుకోదూ మరి!" అంది షిరీన్. "సర్లెండి, పిస్టన్లలో వాల్వు గుంటలు లోతు చేయిస్తే సరిపోతుందిగా?"

"రేపు మధ్యాహ్నానికి చేసిస్తా," అన్నాడు సామోడిన్. "శనివారానికి నీ బండి నీకు." కొత్త వాల్వు కూడా అతని షాపులోనే దొరికింది. ఇంజను సంగతి అక్కడితో తీరిపోయింది.

బూటా సంగతి తీరలేదు. కోసిన పిండిముక్కను సాక్ష్యంగా బల్ల మీద, ఎండ పడే చోట పెట్టి, కూసిస్టర్లూ టీలూ వస్తుంటే ఉపన్యాసం అందుకున్నాడు. పోయిన వారం రెండున్నర, ఈ వారం ఒకటి పాయింట్ ఒకటి. మధ్యలో తన గ్యారేజీలోకి ఎవరో చొరబడ్డారు. క్యామ్ మార్చారు. లేదా హెడ్ మార్చారు. డిపోలో తన కింద పనిచేసిన ఒక అసూయపరుడి పేరు చెప్పాడు. ఆ మనిషి చనిపోయి తొమ్మిదేళ్లైందని సామోడిన్ గుర్తుచేశాడు. అయినా బూటా ఆగలేదు. రెండో కప్పు టీ చల్లారింది. మూడోది వచ్చింది. గంటపైనే అయింది.

"ఇదిగో, మీ కళ్లముందే మళ్లీ కొలుస్తా," అని చివరికి బల్ల మీది ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. కొలిచాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ కొలిచాడు.

రెండున్నర మిల్లీమీటర్లు.

"చూశారా! చూశారా! ఎవరూ ముట్టుకోలేదు, మీరే సాక్షులు! ఇందులో ఏదో మోసం ఉంది!"

ఖాళీ పళ్లెం తీసుకెళ్లడానికి వచ్చిన గడీజా ఆగి, ఆయన చేతిలోని ముక్కను చూసింది.

"మోసం కాదు ఇస్గాక్," అంది. "అందులో ఈస్ట్ ఉంది."