వాడపల్లి స్వామికి మొక్కిన జుట్టు

ఆ రోజుల్లో నాకు ఒకచోట కూర్చోవడం చేతనయ్యేది కాదు. మా ఆయన పోయిన ఏడాది అది. ఇంట్లో ఉంటే గోడలు మీదికొస్తున్నట్టుండేది, బయటికొస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. అలా తిరిగి తిరిగి మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు వెనక, కూలీల పిల్లల కోసం నడిచే బడిలో ఆయాగా కుదిరాను. ఆ బడిని నడిపించేది సూర్యాపేటలో ఉండే పెద్దక్క. (అందరికీ ఆమె పెద్దక్కే, ఆమెకన్నా పెద్దవాళ్ళకు కూడా.) మిల్లు సావుకారు పాత గోదాము గది ఒకటి వాడుకోమని ఇచ్చాడు. ఆ గది ఉంటేనే బడి. లేకపోతే ముప్పై మంది పిల్లలు మళ్ళీ లారీల మధ్య ఆడుకోవాల్సిందే.

ఒక సోమవారం పెద్దక్క నా చేతిలో కాయితం పెట్టి, "గీ ఏడుగురి తల్లులు ఒప్పుకున్నరు. పేలు మస్తుగున్నయి, జర జుట్టు పొట్టిగ కత్తిరించు" అని చెప్పి సూర్యాపేట వెళ్ళిపోయింది. చదివినదానిలా తల ఊపాను. నాకు చదువు రాదని ఎవరికీ చెప్పలేదు, చెబితే పని పోతుందని భయం. చేరి వారమే కాబట్టి పిల్లలందరి మొహాలూ ఇంకా గుర్తు లేవు, ఇక నా సొంత తెలివి వాడాను. పొద్దున తొమ్మిదైనా కాళ్ళకు చెప్పుల్లేకుండా, తల గోక్కుంటూ తిరుగుతున్నారంటే మన బడి పిల్లలే అనుకున్నాను. అలా ఏడుగురిని ఏరి, వరుసగా కూర్చోబెట్టి కత్తెర ఆడించాను. (వాళ్ళలో నలుగురు నిజంగానే కాయితంలో ఉన్నారట, అంత తప్పేమీ కాదు.) ఏడోది బుగ్గల పిల్ల, భుజాలు దాటిన జుట్టు. కిక్కురుమనలేదు. ఎంత బుద్ధిమంతురాలో అని ఒక బిస్కెట్టు కూడా ఇచ్చాను.

ఆ పిల్ల సావుకారు మనవరాలు. అవి వాడపల్లి నరసింహస్వామికి మొక్కి, ఐదేళ్ళుగా కత్తెర తగలనీయకుండా పెంచిన పుట్టు వెంట్రుకలు. ఎండబోసిన వడ్లను చెప్పులతో తొక్కకూడదని ఇంట్లో నేర్పారు కాబట్టి, గేటు దగ్గరే చెప్పులు విడిచి వచ్చిందట.

సావుకారు భార్య వచ్చి మనవరాలి తల చూసింది. అరవలేదు, అందుకే మరీ భయమేసింది. "దేవునికి ఇయ్యాల్సింది నువ్వెట్ల తీస్తివే? పొద్దుగూకేలోపట గది ఖాళీ చెయ్యుండ్రి" అని పిల్లను ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను పిల్లలను టీచరమ్మకు వదిలేసి, రోడ్డు మీద కనబడ్డ మొదటి బస్సెక్కాను. అది కోదాడ పోతుందని టికెట్టు తీసుకునేటప్పుడే తెలిసింది. కోదాడలో నాకెవరూ లేరు.

నేరేడుచర్ల దాటాక ఫోన్ మోగింది. పెద్దక్క.

"ఏడున్నవ్?"

"కోదాడ బస్ల."

"కోదాడల ఏం పని?"

"ఏం లేదక్క."

"అయితే హుజూర్‌నగర్ల దిగు. బస్టాండ్ల చాయ్ తాగుకుంట ఉండు, నేనొస్తున్న. టీచరమ్మ అంత చెప్పింది. ఆ ఎంట్రుకలు ఏడ వెట్టినవ్?"

"బకెట్ల. అందరివి కలిసినయి."

"రెండు చాయ్‌లు తాగు" అంది.

వెనక్కి వచ్చేటప్పుడు ఆమె తెచ్చిన జీపులో చెప్పేశాను, నాకు చదువు రాదని. "అడగకుంట కాయితం చేతికిచ్చుడు నా తప్పు. నాకు చెప్పకపోవుడు నీ తప్పు. నాదానికి నేను చెప్పుకుంట, నీదానికి నువ్వు చెప్పు" అంది పెద్దక్క.

మిల్లుకు పోగానే పెద్దక్క ఆ ముసలమ్మ ముందు నిలబడి, "కత్తిరించమని చెప్పింది నేనే అమ్మ. అనేది ఉంటే నన్ను అనుండ్రి, పిల్లలను ఎల్లగొట్టకుండ్రి" అంది. తర్వాత నా వైపు చూసింది. నేను, "నాకు సదువు రాదమ్మ, సిగ్గుపడి చెప్పలే. మీ పిల్ల ఎంట్రుకలు నేను ఏరిస్త" అన్నాను.

గోనె సంచి పరిచి బకెట్టు బోర్లించాను. ఏడు తలల జుట్టు. నేను ఏరుతుంటే చూడలేక ముసలమ్మ కూడా కూర్చుంది. "అది కాదే, మాది నల్లగుంటది, కొబ్బరినూనె వాసనొస్తది" అని ఒక్కో కుచ్చూ వాసన చూసి పక్కన పెట్టసాగింది. నేనూ వాసన చూశాను. ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఆగింది.

"ఇవేందే?"

"పేలమ్మ."

"మాదాంట్లనా?"

"మీదాంట్లనే జాస్తి ఉన్నయి."

పెద్దక్క గోడవైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. ముసలమ్మ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మా కోడలికి చెప్పకుండ్రి. దినాం తల దువ్వేది నేనే" అంది. అని తనే నవ్వింది. ఆ కుచ్చులను పసుపు గుడ్డలో మూట కట్టి, "తల మీద మిగిలినయి, గీ మూటల ఉన్నయి, రెండూ సామికే ఇస్తం. గదిల పిల్లలనుండనియ్యి" అంది.

ఆ తర్వాత పెద్దక్క ప్రతి కాయితమూ నాకు ముందు చదివి వినిపించేది, తర్వాత నాచేత ఒక్కో పేరు చదివించేది. ఇప్పుడు ఆ బడిని నడిపించేది నేనే. కాయితం పెద్దదైతే ఇప్పటికీ "చదివి చెప్పు" అని గట్టిగానే అడుగుతాను. ఎప్పుడైనా హుజూర్‌నగర్ బస్టాండులో ఆగితే, వచ్చిన ప్రతి బస్సుకూ లేచి, మళ్ళీ కూర్చున్న ఆ పిల్ల, అంటే అప్పటి నేనే, గుర్తొస్తుంది. పక్కన కూర్చుని, ఎవరూ లేని ఊరికి టికెట్టు ఎందుకు తీసుకున్నావే పిచ్చిదానా అని అడగాలనిపిస్తుంది. అది రెండో చాయ్ తాగుతుంటుంది.