మామకు గాజులతోనే జవాబిచ్చిన

నేను చెప్త, రాసుకో బిడ్డా. అప్పుడు నాకు కొత్తగ పెండ్లయింది. మీ తాతది ఎల్లారెడ్డి కచేరీల నౌకరి. కచేరి పనికని సర్కారోళ్లు మా ఇంట్లనే టెలిఫోన్ పెట్టించిన్రు.

ఒకనాడు తాత జ్వరంతోని లోపల పండుకుంటే అది మోగింది. భయపడుకుంట ఎత్తిన. కామారెడ్డి కచేరీల పనిచేసే మా మామ, అంటే మీ తాత నాయన, గొంతు వినబడ్డది.

"వాడు చెప్పకుండ ఊరిడిసి పోయిండని పెద్ద సాబుకు ఎవరో చెప్పిన్రు. సాబు నా పక్కనే ఉన్నడు, నౌకరి తీసేస్తనంటున్నడు. వాడు ఇంట్లున్నడా?"

మా దిక్కు కోడలు మామతోని మాట్లాడేది లేదు. లేచి నిలబడి, కొంగు నెత్తిమీదికి గుంజుకొని, ఉన్నడని తల ఊపిన.

"ఎవరది? నోట్లె బెల్లమున్నదా?"

ఇంకింత గట్టిగ ఊపిన.

"ఎవ్వరు పలుకుతలేరు సాబ్" అంటున్నడు మామ.

ఇంట్ల మామ ఏమన్న అడిగితే తలుపు చాటునుంచి గాజులు కదిలిస్తే అవునన్నట్టు. గదే యాదికొచ్చి టెలిఫోన్ మూతికాడ గాజులు గలగలలాడించిన.

మామ గుర్తుపట్టిండు. "కోడలా? వాడు ఇంట్లనే ఉన్నడా?"

గలగల.

"జ్వరమొచ్చిందా?"

మళ్ల గలగల.

"ఇంట్లనే ఉన్నడు సాబ్, జ్వరమట. మా కోడలు చెప్పింది."

నౌకరి నిలబడ్డది. ఇప్పటికీ నీ ఫోన్ మోగితే నా చెయ్యి ముందుగాల కొంగు మీదికే పోతది బిడ్డా.